తువ్వాలు కింద ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్‌లు తయారు చేసే పెద్దమనుషులారా, చిట్టియ్య కాపురంలో చిచ్చు పెట్టింది మీరే. నున్నటి పలక ఒకటి అమర్చి, దాని మీద రెండు వేళ్ళకో పని, మూడు వేళ్ళకో పని, నాలుగు వేళ్ళకో పని దాచిపెట్టారు. పెట్టె మీద ఒక్క ముక్క రాయకుండా అమ్ముకున్నారు. వేళ్ళతో బతికే మనుషులు కూడా ఉంటారని మీకు తోచనే లేదు.

చిట్టియ్య అలాంటి మనిషి. రామచంద్రపురం దగ్గర పశువుల బేరగాడు. సంతలో ధర నోటితో చెప్పడు. భుజం మీది తువ్వాలు తీసి అవతలివాడి చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్న వేళ్ళే ధర, ఒక్కో వేలుకి ఇంతని లెక్క. పక్కవాడికి కనపడదు, వినపడదు.

ఆ ఉదయం అతని ఆలోచన మామూలుదే. చద్దన్నం తిని తెల్ల ఎడ్ల జతను సంతకు తోలాలి. ట్రాక్టర్లొచ్చాక ఎడ్లను అడిగేవాడు లేడు. ఆ జత వెళ్ళిన ప్రతిసారీ తిరిగొస్తోంది. గడ్డివామి అడుగంటింది. ఈ వారమూ పోకపోతే కబేళా వాడికి ఇవ్వాల్సిందే. ఆ మాట ఎత్తితే భార్య సత్యవాణి అన్నం మానేస్తుంది.

చెయ్యి కడుక్కుంటుండగా గదిలోంచి మాటలు వినపడ్డాయి.

"మూడు వేళ్ళు పెట్టండి మేడమ్."

"రెండు చాలవా రమేష్ బాబూ?"

"రెండైతే పెద్దదవుద్ది, అంతేనండి. మూడు పెట్టి కిందకి లాగండి. ఇక ఎవరికీ కనపడదు."

చిట్టియ్య చేతిలో చెంబు ఆగిపోయింది. రమేష్ బాబు బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. డ్వాక్రా సంఘం లెక్కలకని సత్యవాణి కొన్న ల్యాప్‌టాప్ నేర్పడానికి వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. వేళ్ళు, గుసగుసలు, ఎవరికీ కనపడకపోవడం. ఇది బేరం కాక మరేమిటి? అదీ తువ్వాలు కూడా లేకుండా.

లోపలికి దూసుకెళ్ళాడు. సత్యవాణి మూడు వేళ్ళు కిందకి లాగింది. తెర మీదున్నదంతా మాయమై ఉత్త నీలం రంగు మిగిలింది.

"ఏంటి దాచావ్?"

"ఏం లేదండి. సంఘం లెక్కలు."

"లెక్కలకి అంత సిగ్గేంటి?"

"సంతకి పొద్దెక్కుతోంది, వెళ్ళండి. ఎడ్లని మాత్రం ఉంచండి. కుడిదానికి గిట్ట నొప్పిగా ఉంది."

"అవునండి, నేనూ చూశాను" అన్నాడు రమేష్ బాబు.

"నువ్వు సెల్‌ఫోన్లు చూసుకోవయ్యా. గిట్టలు నేను చూసుకుంటాను."

ఎడ్లను పాకలోనే వదిలి, సంతకు వెళ్ళినట్టే వెళ్ళి పెరటి గోడ వెనక నక్కాడు. కాసేపటికి వాళ్ళిద్దరూ పాకలోకి వచ్చారు. రమేష్ బాబు నీళ్ళు పోస్తుంటే సత్యవాణి ఎడ్లను తోముతూ నవ్వుతోంది. ఇన్నేళ్ళలో చిట్టియ్య నీళ్ళు పోస్తుంటే ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు.

వీధి వైపు నుంచి గదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ తువ్వాలు దాని మీద కప్పేసి చెయ్యి లోపలికి పెట్టాడు. రెండు వేళ్ళు ఆనించాడు. మూడు పెట్టి పైకి తోశాడు. నాలుగు పెట్టి పక్కకి ఈడ్చాడు.

తువ్వాలు కింద నుంచి మగ గొంతు పలికింది.

"సత్యవాణి గారూ, ఉన్నారా అండి?"

"చీకటైపోయిందేంటండి? అది తువ్వాలేగా? ఇంకెవరితోనో బేరంలో ఉన్నారా? నేను ముందొచ్చానండి."

"ముందొచ్చావా? ఎన్నాళ్ళ నుంచి?"

"వారం నుంచి ఫొటోలు చూస్తూనే ఉన్నానండి. వదులుకోను."

"ఆవిడ మొగుణ్ణి, నేనింకా బతికే ఉన్నాను."

ఆ గొంతు తగ్గింది. "అయితే ఇంకో వేలు ఎక్కువిస్తానండి."

చిట్టియ్య పెట్టిన కేకకు సత్యవాణి తడి చేతులతో పరిగెత్తుకొచ్చి తువ్వాలు లాగేసింది. తెర ఖాళీగా ఉంది. ఆవిడ నాలుగు వేళ్ళు పెట్టి వెనక్కి ఈడ్చింది. ఒక మీసాల మొహం ప్రత్యక్షమైంది. దాని పక్కనే తెల్ల ఎడ్ల ఫొటోలు.

"తణుకు దుర్గాసాయి గారండి. పందేలకి జత వెతుకుతున్నారు" అంది సత్యవాణి. "గిట్ట నొప్పని అబద్ధమాడి ఎడ్లని ఉంచాను. కడిగి తెచ్చి చూపిస్తానని కాల్ కలిపి వెళ్ళాను. మీకు ముందే చెబితే, ఆడదాని బేరం నాకెందుకు అంటారు కదా."

చిట్టియ్య ఆ మాట చాలాసార్లు అన్నవాడే.

"మీ ఆయన గట్టి పిండమండి" అన్నాడు దుర్గాసాయి. "తువ్వాలు చూడగానే వేరే పార్టీ ఉందనుకుని భయపడిపోయాను. ఆ వేలు కూడా ఇస్తాను. జత నాదే."

ఎడ్లు కబేళాకు కాకుండా తణుకు వెళ్ళాయి. రమేష్ బాబు మీద చిట్టియ్యకున్న ఏడుపు ఆ పూటే చల్లారింది. మరుసటి వారం సంతలో ఇంకొకటి రాజుకుంది. ఆ బేరం సంగతి విన్న పాత బేరగాళ్ళు అతని చేతి వంకైనా చూడకుండా, "సత్యవాణి గారు రాలేదా అండి?" అని అడిగారు.

కాబట్టి కంపెనీల వాళ్ళూ, ఏ వేలికి ఏం జరుగుతుందో పెట్టె మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయండి, ఇప్పుడే. మొగుళ్ళకు విడిగా ఒక కాగితం పెట్టండి. అది చేతకాకపోతే ప్రతి ల్యాప్‌టాప్‌తో పాటు ఒక తువ్వాలు ఇవ్వండి. చిట్టియ్య తువ్వాలు ఇప్పుడు సత్యవాణి భుజం మీద ఉంది.