మా మేడ మీది ప్రధాన కార్యాలయం

ప్రభుత్వాన్ని ప్రజల గుమ్మం ముందుకు తీసుకొస్తామని రాజధానిలో పెద్దలు ప్రకటించారు. ఏదో మాటవరసకు అన్నారనుకున్నాం గానీ, నిలబెట్టుకున్నారు. గుమ్మం ముందుకే తెచ్చారు. ఆ గుమ్మం మాది.

రాజధానిలో కార్యాలయాలు మరీ కిక్కిరిసిపోయాయని, ఊరికొకటి చొప్పున పంచితే ఊళ్ళు బాగుపడతాయని నిర్ణయం జరిగింది. మా వంతుకు లైట్‌హౌస్‌ల శాఖ వచ్చింది. మా ఊళ్ళో సముద్రం లేదు. (నీళ్ళ ట్యాంకరే రోజు విడిచి రోజు వస్తుంది.) అయినా ఇది పొరపాటు కాదని మా అమ్మాయి ఫోనులో విడమరిచి చెప్పింది. తీరంలో ఉన్న ఊళ్ళన్నీ మాకంటే మాకని పోట్లాడుకున్నాయట. ఎవరికిచ్చినా మిగతావాళ్ళు అలుగుతారని, అన్ని తీరాలకూ సమానంగా దూరమైన ఊరు ఏదో పటం మీద దారం పెట్టి కొలిచి మరీ ఎంచారట.

మా అమ్మాయి ఆ శాఖలోనే గుమస్తా. రాజధానిలో ఒంటి గదిలో ఉంటుంది. ఆ గది అద్దెకిచ్చినావిడ, పిల్లలు గోడల మీద గీతలు గీస్తారని పిల్లలున్నవాళ్ళను రానివ్వదు. అందుకని మనవరాలు నా దగ్గరే ఉండి బడికి వెళ్తోంది. వాళ్ళమ్మ నెలకోసారి వచ్చి, దాని జడ విప్పి అల్లుతూ కూర్చుని, మళ్ళీ బస్సెక్కుతుంది. (అల్లుడి సంగతి అడక్కండి. అడిగితే చెప్తాను గానీ ఈ కాగితం చాలదు.)

శాఖే ఇక్కడికి వస్తోందంటే ఇక తల్లీపిల్లా ఒక్కచోటే ఉంటారని మేడ మీది గదికి సున్నం వేయించాను. మనవరాలు తన మంచం ఎక్కడో, వాళ్ళమ్మ మంచం ఎక్కడో నేల మీద సుద్దతో గీసి పెట్టింది.

ఇంతలో వసతుల పరిశీలనాధికారి వచ్చారు. కార్యాలయానికి తగిన భవనం వెతకడం ఆయన పని. ఊళ్ళో ఉన్న ఒక్క పెద్ద భవనాన్నీ అంతకు ముందే తరలివచ్చిన మంచు తుఫానుల హెచ్చరిక కేంద్రం తీసేసుకుంది. (మా ఊళ్ళో మంచు పడదు. అందువల్ల హెచ్చరికల్లో తప్పులుండవు.) ఎండలో తిరిగి తిరిగి మా మెట్ల మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, మేడ మీదేముంది బామ్మగారూ అన్నారు. నా బుర్ర చురుగ్గా పనిచేసింది. పైన ఉద్యోగం, కింద కాపురం. గది ఇచ్చేస్తానన్నాను.

కింద ముందు వాటాలో అద్దెకుంటున్న దర్జీ తన టేపు తెచ్చి సాయం పట్టాడు. అలవాటు కొద్దీ గదికి ఛాతీ ఇంత, పొడుగు ఇంత అని చెప్తుంటే, ఆయన అలాగే రాసుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు శాఖంతా బస్సులో దిగింది. బోర్డు తగిలించారు. మనిషెత్తు లైట్‌హౌస్ నమూనా ఒకటి మూలన నిలబెట్టారు. (మనవరాలు బడి సంచీ తగిలించుకోవడానికి బాగుంది.) ఫొటోలు దిగి, టీ తాగాక డైరెక్టరుగారు ఉత్తర్వు చదివారు. ప్రధాన కార్యాలయం ఇంత దూరాన ఉన్నప్పుడు, దాని తరఫున రాజధానిలో మాట్లాడటానికి సమన్వయ కార్యాలయం తప్పనిసరి. దానికి అనుభవజ్ఞులు కావాలి. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేచాయి. సాయంత్రం బస్సుకు అందరూ తమ పాత భవనంలో, తమ పాత కుర్చీల్లోకి బదిలీ అయి వెళ్ళిపోయారు.

లేవని చెయ్యి మా అమ్మాయిది. పరిశీలనాధికారి దాని దగ్గరికొచ్చి, ఎంతో నొచ్చుకుంటూ, కన్నవాళ్ళ ఇంట్లో నడిచే కార్యాలయంలో ఉద్యోగి పనిచేయకూడదని, అది స్వప్రయోజనం కిందికి వస్తుందని, కాబట్టి అమ్మాయి కూడా సమన్వయ కార్యాలయానికే వెళ్ళాలని చెప్పారు. ఇల్లు పరాయివాళ్ళదైతే ఏ చిక్కూ లేదట.

అమ్మాయి నా వైపు తిరిగింది.

"ఆ గది ఎవరివ్వమన్నారమ్మా నిన్ను?"

"నువ్వొస్తావనేగా ఇచ్చింది."

"ఇవ్వకపోయుంటే వచ్చేదాన్ని."

మెట్ల మీంచి దర్జీ అన్నాడు, "నన్నడిగితే ఛాతీ కాస్త తగ్గించి చెప్పేవాణ్ణి కదా పిన్నిగారూ."

గది వెనక్కి ఇచ్చెయ్యమని అడిగాను. తప్పకుండా ఇస్తారట. తరలింపుల శాఖ అనుమతి ఉంటే చాలట. ఆ శాఖనూ ఈమధ్యే తరలించారు. ఏ ఊరికి వెళ్ళాలో చెప్పే ఉత్తర్వు వాళ్ళ వెనకాలే తిరుగుతోంది గానీ, ఇంకా వాళ్ళను అందుకోలేదు.

నా మొహం చూసి పరిశీలనాధికారికి జాలేసింది. మంచి మనిషి. నిబంధనలు తిరగేసి దారి కనిపెట్టారు. ప్రధాన కార్యాలయం పనివేళల్లో ఖాళీగా ఉండకూడదు, ఆవరణలో నివసించేవాళ్ళను సిబ్బందిగా లెక్కించవచ్చు. అలా నేనూ మనవరాలూ ప్రధాన కార్యాలయం అయ్యాం. మమ్మల్ని సమన్వయ కార్యాలయం నుంచి ఒకరు వారం వారం వచ్చి తనిఖీ చేయాలి. తనిఖీకి స్వప్రయోజనం అడ్డు రాదు. (నిబంధనలు రాసినవాళ్ళకు ఆ సంగతి తట్టలేదు.) ఆ పని మా అమ్మాయికి వేశారు.

ఇప్పుడది వారం వారం వస్తోంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆవరణలో పడుకోకూడదు కాబట్టి బస్టాండు పక్క లాడ్జిలో దిగుతుంది. పొద్దున్నే వచ్చి తలుపు కొట్టి, గుర్తింపు కార్డు చూపిస్తుంది. (చూపించందే మనవరాలు గడియ తియ్యదు.) తర్వాత కూర్చుని ప్రధాన కార్యాలయానికి జడ వేస్తుంది.

మొన్నటి తనిఖీ నివేదిక దర్జీ చదివి వినిపించాడు. ప్రధాన కార్యాలయం సక్రమంగా నడుస్తోంది. ముందు పాలపన్ను ఒకటి ఊడింది. ఆ సమయంలో సమన్వయ కార్యాలయం తరఫున ఎవరూ హాజరు కాలేదు.