సగం దించిన షట్టర్లు

రాజంపేట బజారు గొంతును ఇక మీదట ప్రభుత్వమే కాపాడుతుందని 2007లో మంత్రి రాఘవేంద్రప్రసాద్ గారు సభాముఖంగా ప్రకటించారు. ఆ గొంతుకు ప్రమాదం ఉన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గొంతు సొంతదారు రామకోటయ్యకు కూడా మర్నాడు పేపర్లోనే తెలిసింది.

రామకోటయ్యది పూజాసామాన్ల అంగడి. గల్లాపెట్టె పక్కన ఒక మైకు, అక్కణ్ణుంచి కరెంటు స్తంభాల మీదుగా బజారు పొడవునా తొమ్మిది గరాటు స్పీకర్లు. జనం దాన్ని రేడియో అనేవారు. "నమస్కారం, మాట్లాడేది రామకోటయ్య" అంటూ మొదలుపెట్టి, కరెంటు పోయే వేళలు, మామిడికాయల ధర, బస్టాండులో దొరికిన తాళంచెవులు ఇరవైయారేళ్లుగా చెబుతున్నాడు. ఎవరైనా పోయారని ఆయన చెబితే చాలు, ప్రతి అంగడీ షట్టరు సగం దించేది. శవం అంగడి ముందు నుంచి దాటిపోయాకే ఎత్తేవారు. ఒకసారి పాడె మీద మనిషి లేచి కూర్చున్నాడని కబురొస్తే, "రామకోటయ్య చెప్పనీ, అప్పుడు ఎత్తుదాం" అన్నారు. రేడియో ఏనాడూ అబద్ధం చెప్పలేదన్నదే రామకోటయ్య గర్వమంతా.

మంత్రిగారి పథకం పేరు 'స్థానిక గొంతుల పరిరక్షణ'. చిన్న రేడియోలన్నిటినీ హైదరాబాదులోని స్వరసంద్రం నెట్‌వర్క్‌లో కలిపేస్తే వాటికి చిన్నవిగా ఉండే బాధ తప్పుతుందని ఆయన లోతుగా ఆలోచించారు. బనగానపల్లె, మంగంపేట అప్పటికే కలిసిపోయి, సుఖంగా నోరు మూసుకున్నాయి. నెట్‌వర్క్ మేనేజర్ అజయ్ ఫైలు పట్టుకుని అంగడికి వచ్చాడు.

"కలవకపోతే ఏమైతాది సార్?" అన్నాడు రామకోటయ్య.

"మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది సార్. స్తంభాల మీద వైర్ల పర్మిషన్ మాత్రం ఇప్పుడు మాదే. రేపు లైన్‌మన్ వచ్చి మీ వైరు కత్తిరిస్తాడు."

"మైకు నా దగ్గరే ఉంటాదా?"

"మైకెందుకు సార్? మీ మాటలు రికార్డ్ చేసుకుంటాం. హైదరాబాదులో కంప్యూటర్ అతికించుకుంటుంది."

రామకోటయ్య సంతకం పెట్టాడు. రెండు రోజులు గదిలో కూర్చోబెట్టి, ఆయన రోజూ చెప్పే నమస్కారంతో మొదలుపెట్టి, 'ధర', 'కరెంటు', 'తాళంచెవి', 'కాలం చేశారు' లాంటి మాటలు మూడు వందలు చదివించారు. మనుషుల పేర్లు చదివించలేదేమని అడిగితే, పేర్లు సెకండ్ ఫేజ్‌లో అన్నారు. మైకును మంత్రిగారి ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టారు. బజారులో పదిమందికి వినబడేలా ఆయన ఆ గొంతు వాడరాదని అగ్రిమెంటులో పదకొండో క్లాజు.

నెట్‌వర్క్ వెంటనే సర్వే చేసింది. చావు కబురు చెప్పగానే బజారంతా ఆగిపోతోంది కాబట్టి, శ్రోతలకు అదే ఇష్టమని తేలింది. వాటర్ ట్యాంకుల కంపెనీ స్పాన్సర్ చేసింది. ఊరికి వారానికొక మరణం టార్గెట్. ఆ వారం రాజంపేటలో ఎవరూ సహకరించలేదు.

"సీరియస్‌గా ఉన్నవాళ్లు ఎవరైనా తెలుసా సార్?" అని అజయ్ దిగులుగా అడిగాడు.

"కిరాణా శేషన్నకు జలుబు చేసిండాది."

"జలుబు చాలదు సార్. పైగా పేరు కూడా ఉండాలి. పేరు లేని చావుకు స్పాన్సర్ ఒప్పుకోడు."

"నేను చదివిన దాంట్లో ఒక పేరన్నా లేదు గదప్పా!"

"ఒకటుంది సార్," అని అజయ్ గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు పది గంటలకు రామకోటయ్య కర్పూరం తూస్తున్నాడు. తొమ్మిది స్పీకర్లూ ఆయన గొంతుతోనే పలికాయి. "నమస్కారం. రామకోటయ్య. కాలం చేశారు."

షట్టర్లు గరగరా సగానికి దిగాయి. ఎదురుగా నిలబడ్డ శేషన్న తలగుడ్డ తీసి, "శానా మంచోడు," అన్నాడు.

"శేషన్నా, నేనీడనే ఉండా గదా!"

"ఉండావులే అప్పా. కానీ రేడియో చెప్పింది. చెప్పిందెవరు? నువ్వే గదా!"

రామకోటయ్య అజయ్‌కు ఫోన్ చేశాడు.

"సవరణకు హైదరాబాదు అప్రూవల్ కావాలి సార్. అప్లికేషన్ మీద మీ సంతకం చెల్లదు, వారసులు పెట్టాలి. దయచేసి బజారులో అరవకండి, క్లాజు పదకొండు."

మధ్యాహ్నానికి మంత్రిగారు పూలచక్రంతో వచ్చారు. "మనిషి పోయాడు, గొంతును మేం కాపాడాం!" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. పూలచక్రం బరువనిపించి, "పెద్దాయనా, కాస్త పట్టుకో," అని పక్కనున్న రామకోటయ్య చేతికిచ్చి కారెక్కారు.

అలివేలమ్మ ఇంటి నుంచి ఉరుకుతూ వచ్చింది. "ఏమండీ, అచ్చం మీ గొంతే! నా పాణం పోయినంత పనైంది," అని భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

శేషన్న మొహమాటంగా దగ్గుతూ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఏమనుకోవద్దు. ఎన్ని గంటలకు తీస్తారు? పొద్దుటి నుంచి బేరాల్లేవు. దాటిపోందే ఎత్తలేం గదా."

రామకోటయ్య బజారు పొడవునా చూశాడు. అన్నీ ఆయన మాట మీద దిగిన షట్టర్లే. ఏడుపొచ్చింది. ఆపుకుని, పూలచక్రం ఛాతీకి ఆనించుకుని అంగడి మెట్లు దిగాడు. అలివేలమ్మ వెనకే నడిచింది.

ఆయన ఒక్కో అంగడీ దాటుతుంటే వెనక ఒక్కో షట్టరూ లేచింది. కొందరు చేతులు జోడించారు. బజారు చివర తొమ్మిదో స్పీకరు కింద ఆయన ఆగాడు.

"నమస్కారం, మాట్లాడేది రామకోటయ్య," అంది స్పీకరు. "మామిడికాయల ధర..."

రామకోటయ్య ధర పూర్తిగా విని, మలుపు తిరిగాడు.