జిజ్ఞాసోపన్యాసం వినేవారికి హెచ్చరిక

స్నాతకోత్సవ ఉపన్యాసాలను వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. మానవజాతి కనిపెట్టిన కాలక్షేపాలన్నింటిలోనూ ఎవరికీ ఏ హానీ చెయ్యనిది అదొక్కటే! సినిమాలు చూస్తే పిల్లలు పాడైపోతారంటారు. ఫోన్లు చూస్తే కళ్లు పోతాయంటారు. స్నాతకోత్సవ ఉపన్యాసం విని పాడైపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! బాగుపడినవాణ్ణి కూడా చూపించలేరనుకోండి, అది వేరే సంగతి.

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను ఆ రంగంలో ఉన్నవాణ్ణి. పట్టాలిచ్చే సీజన్ రాగానే మా ఇంట్లో ఫోన్ మోగుతుంది. నేను నల్లగౌను తగిలించుకుని, నెత్తిన పలక లాంటి టోపీ పెట్టుకుని, "జిజ్ఞాసను చంపుకోకండి! జీవితాంతం నేర్చుకుంటూనే ఉండండి! ఎందుకు అని అడగడం మానకండి!" అని బల్ల గుద్ది చెబుతాను. నా దగ్గరున్నది ఒకటే ఉపన్యాసం. కాలేజీ పేరు మాత్రం మారుస్తాను. హడావిడిలో ఉంటే మిగతావి మార్చడం కుదరదు. ఒకసారి దంతవైద్యం చదివిన పిల్లలను పట్టుకుని "రేపు మీరు నడపబోయే విమానాలు" అన్నాను. చప్పట్లు కొట్టారు!

దీనివల్ల ఎన్ని లాభాలో ఎప్పుడైనా ఆలోచించారా? పరీక్షలకని నిద్ర మానుకున్న పిల్లలకు ఏసీ హాల్లో మంచి కునుకు. తల్లిదండ్రులకు తాము తీసిన ఫొటోల్లో ఎవరి కళ్లు మూసుకుపోయాయో చూసుకునే తీరిక. లెక్చరర్లకు పక్కవాళ్లతో ప్రమోషన్ల గురించి గుసగుసలాడుకునే వీలు. ఇక నాకంటారా, ఒక పూలగుత్తి, ఒక మెమెంటో. మెమెంటోలతో బీరువా ఎప్పుడో నిండిపోయింది. ఇప్పుడు గాలికి తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాం. ఒక్కో తలుపు దగ్గరా ఒక్కో కాలేజీ!

ఇంత చల్లని ఏర్పాటుకు ఉన్న ప్రమాదం ఒకే ఒక్కటి. ఎవరైనా వినడం.

ఆ ప్రమాదం మా అత్తగారి రూపంలో వచ్చింది. ఒకరోజు మా ఆవిడకు ఆఫీసులో మీటింగ్ పడింది. "అమ్మ ఒక్కతే ఇంట్లో ఏం చేస్తుంది? మీతో తీసుకెళ్లండి" అంది. తీసుకెళ్లాను. ముఖ్య అతిథి తాలూకు మనిషి కదా అని ముందు వరసలో కూర్చోబెట్టారు. హాలంతా తలలు వాలిపోతుంటే, ఆవిడ ఒక్కరే కళ్లింతేసి చేసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. నమ్మారు!

మర్నాడు పొద్దున్నే మొదలైంది.

"అల్లుడుగారూ, ఫ్రిజ్ లోపల చల్లగా ఉంటుంది కదా, వెనకాల చెయ్యి పెడితే వేడిగా ఉంటుందేమండీ?"

"అదంతేనండీ అత్తయ్యగారూ."

"అంతే అంటే?"

"అంటే... కంపెనీవాళ్లు అలా చేశారండీ."

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిపోయారు. దాని దగ్గరే ఎక్కువ సమాచారం ఉంటుందనుకున్నారు కాబోలు. సాయంత్రానికి ఇస్త్రీపెట్టె విప్పారు. తిరిగి బిగిస్తే ఒక మరమేకు మిగిలింది. అదెక్కడిదో తేల్చాలని మళ్లీ విప్పారు. ఆ వారంలోనే ఈత నేర్చుకోవడానికి చేరారు. వాన పడుతుందని చెప్పిన రోజున పడకపోతే, వాతావరణ ఆఫీసుకు ఫోన్ చేసి కారణం కనుక్కున్నారు. సబ్బు ఏ రంగుదైనా నురగ తెల్లగానే ఎందుకుంటుంది? పగటి పూట చంద్రుడికి ఆకాశంలో ఏం పని? నేను పేపరు అడ్డం పెట్టుకుని బతుకుతున్నాను.

"మీ అమ్మగారిని కాస్త ఆపవూ" అని మా ఆవిడ దగ్గర మొరపెట్టుకున్నాను.

"చెట్టెక్కించింది మీరు, దింపుకునేదీ మీరే" అంది.

ఇంతలో ఇంకో కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. చూద్దును కదా, అత్తగారు నాకన్నా ముందే కారెక్కి కూర్చున్నారు. "మీ ఉపన్యాసంలో నాకొక సందేహం మిగిలిపోయిందండీ. ఇంట్లో మీకు తీరిక ఉండదు కదా, అక్కడే అడుగుతాను" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకున్న ఆస్తల్లా ఆ ఒక్క ఉపన్యాసమే. అది నలుగురిలో నవ్వులపాలైతే ఇక నేనెవర్ని? నన్నెవరు పిలుస్తారు?

వెళ్లగానే ప్రిన్సిపాల్‌గారిని పక్కకు లాగి, "చివర్లో ప్రశ్నలూ గిశ్నలూ ఏమీ పెట్టరు కదా?" అని చెవిలో ఊదాను.

"భలేవారే! మా పిల్లలు ప్రశ్నలడగరండీ. చేరిన కొత్తలో అడిగేవాళ్లు. ఇన్నేళ్లు కష్టపడి మాన్పించాం" అని ఆయన నా భుజం తట్టారు. విద్యాసంస్థ అంటే అలా ఉండాలి! నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

నిశ్చింతగా మొదలుపెట్టాను. "ఎందుకు అని అడగడం మానకండి!" అని బల్ల గుద్దానో లేదో, ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. "సమయాభావం వల్ల..." అంటూ ప్రిన్సిపాల్‌గారు మైకు అందుకోబోయారు. కానీ మా అత్తగారికి మైకు దేనికి? ముగ్గురు పిల్లల్ని పెంచిన గొంతు అది.

"పోయిన సభలో కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పారు కదా అల్లుడుగారూ. అప్పట్నుంచి ఇప్పటిదాకా మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారండీ? నేను కూడా నేర్చుకుందామని అడుగుతున్నాను."

ఆ గొంతులో వెటకారం ఇసుమంతైనా లేదు. అదే నా కొంప ముంచింది. వెటకారమైతే నవ్వేసి తప్పించుకునేవాణ్ణి. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నారు! బుర్రంతా వెతికాను. చెప్పుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు.

"ఏమీ లేదండీ" అన్నాను. గౌనులో ఉన్నా సిగ్గు వేసింది.

హాలు మేలుకుంది. వెనక నుంచి ఒకమ్మాయి లేచి, "మరి మాకెందుకు చెబుతున్నారు సార్?" అంది. ఆ పక్కన ఒకబ్బాయి ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగి, "మన ల్యాబ్‌కి ఎప్పుడు చూసినా తాళం ఎందుకుండేది సార్?" అన్నాడు. చూస్తుండగానే చేతులు లేచాయి, ఒకటి కాదు రెండు కాదు. ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది! వందన సమర్పణ కూడా లేకుండానే సభ ముగించారు.

చూశారా, ఒక్కరంటే ఒక్కరు విన్నందుకు ఎంత నష్టమో! అందుకే కాలేజీ యాజమాన్యాలకు నా మనవి. ఉపన్యాసాలు మాత్రం ఆపకండి. ఆహ్వాన పత్రిక మీద "దయచేసి వినవద్దు" అని ఒక ముక్క వేయించండి, చాలు.

కారు దాకా సాగనంపడానికి వచ్చిన ప్రిన్సిపాల్‌గారు, "వచ్చే ఏడాది క్రమశిక్షణ మీద మాట్లాడేవాళ్లనెవరినైనా పిలుద్దామనుకుంటున్నామండీ" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాను.

నేను ఒక మనిషిని 'ఎందుకు' అని అడగడం ఎన్నేళ్లకో! ఆయన కారు తలుపు వేసేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. అడిగిన మనిషికి ఒక్క మాట చెబితే ఈయన సొమ్మేం పోయింది?

వెనక సీట్లోంచి అత్తగారు ముందుకు వంగారు.

"బాగా అడిగారు అల్లుడుగారూ. మానకండి. మొదట్లో ఎవరూ జవాబు చెప్పరు. నాకు మీ ఇంట్లో అలవాటైపోయింది."