మూడో ఖండం

తులనాత్మక రాజనీతి శాఖలో ప్రజాస్వామ్యం పరిపూర్ణంగా నెలకొన్నందున, ఇకమీదట అధ్యక్ష పదవికి ఎన్నిక అవసరం లేదని శాఖ సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. సమావేశానికి హాజరైనది అధ్యక్షులవారు ఒక్కరే కనుక ఏకగ్రీవానికి ఎటువంటి ఆటంకమూ కలగలేదు. మిగతా ఆచార్యులు రాలేకపోయినందుకు చింతించారు. వారికి ఆహ్వానాలు మర్నాడు అందాయి. తీర్మానాన్ని గోడకు అంటించారు. చదివినవారందరూ హర్షించారు. హర్షించనివారు ఎవరైనా ఉన్నారా అని అధ్యక్షులవారు స్వయంగా వాకబు చేశారు.

ఈ సంగతులన్నీ నాకు మా కోడలి ద్వారా తెలిశాయి. ఆమె ఆ శాఖలోనే పరిశోధన చేసింది. పెళ్ళయి మా ఇంటికి వస్తూనే చదువు ఆపనని చెప్పింది. సరేనన్నాం. ప్రపంచంలోని ప్రభుత్వాల గురించి చదివే పిల్ల కనుక ఇంటి సంగతుల్లో తల దూర్చదని మా ఆవిడ కూడా సంతోషించింది.

ఆ శాఖలో ఒక్కో ఆచార్యుడిది ఒక్కో ఖండం. పిలవడం కూడా ఖండం పేరుతోనే. ఆసియాగారికి మేడమీద గాలి వచ్చే గది ఉంది. దక్షిణ అమెరికాగారు మెట్ల కింద, ఫ్యాను లేని చోట ఉంటారు. ఆఫ్రికాగారికి జలుబు చేస్తే ఆ వారం ఆ ఖండంలో ప్రభుత్వాలు నడవవు. అధ్యక్షులవారిది ఐరోపా. ఆయన నోట్సు రాసుకున్న తర్వాత అక్కడ ఒక దేశం ముక్కలైంది. తనను సంప్రదించకుండా జరిగింది కనుక ఆయన దాన్ని గుర్తించలేదు. ఆయన తరగతిలో ఆ దేశం నేటికీ కలిసే ఉంది. దాని సైన్యం సరిహద్దులో కాపలా కాస్తోంది. విడిపోయిందని పరీక్షలో రాసినవాడికి సున్నా. ఒక దేశాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషిని నేను మరొకరిని ఎరుగను.

తులనాత్మకం అంటే పోల్చి చూడడమట. రెండు ఖండాలను పోల్చాలంటే ఇద్దరు ఆచార్యుల సంతకాలు కావాలి. ఆచార్యులకు ఒకరితో ఒకరికి మాటల్లేవు. అందుచేత శాఖ పుట్టినప్పటినుంచీ అక్కడ ఎవరూ దేన్నీ దేనితోనూ పోల్చలేదు. విద్యార్థులు తలా ఒక దేశం గురించి రాసి, చివర ‘ఇతర దేశాలలో పరిస్థితి వేరు’ అని ఒక వాక్యం చేర్చి పట్టా పుచ్చుకునేవారు. శాఖ కీర్తి అలా నలుదిశలా వ్యాపించింది.

మా కోడలు పోల్చింది. ఆసియాలో ఒక దేశాన్నీ దక్షిణ అమెరికాలో ఒక దేశాన్నీ తీసుకుని, గడువు తీరినా అక్కడి పాలకులు కుర్చీ దిగకుండా ఎలా గడుపుకొస్తారో రాసింది. సంతకాలు ఎలా సంపాదించావమ్మా అని అడిగాను. అవతలివారు ఒప్పుకోవడం లేదని ఇద్దరికీ చెప్పిందట. ఇద్దరూ అక్కడికక్కడే పెట్టేశారట.

ఒక కాలేజీవాళ్ళు ఆమెకు ఉద్యోగం అట్టేపెట్టారు. కాలేజీ తెరిచేలోగా పట్టా చూపించాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. ఆ ఉద్యోగం కోసం పిల్ల ఎంత ఆశపడిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె రాసిన పరిశోధన పుస్తకం ఆచార్యుల చేతుల్లో పడింది. అందులో ఒక మంత్రి, పదవి పోయాక కూడా తన కార్యాలయం తాళం మార్చుకుని లోపల కూర్చుంటాడు. ఆసియాగారు అది చదివి, “నా గది సంగతి ఈ పిల్లకి ఎవడు చెప్పాడు?” అని కేకలేశారు. సభ ముగిశాక పిలుపులు పంపే పాలకుడి దగ్గర అధ్యక్షులవారు చదవడం ఆపేశారు. “అది అక్కడి దేశం సార్!” అని కోడలు మొత్తుకుంది. ఎవరూ నమ్మలేదు. మౌఖిక పరీక్షకు దూరపు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు, ఆమెను అంతకుముందెన్నడూ చూడనివాడు, ముఖం ఎర్రగా చేసుకుని, “మా ఆఫీసులో మీవాళ్ళెవరున్నారమ్మా?” అని అడిగాడు.

‘పరిశోధన లోతుగా ఉన్నది. సదరు లోతు తగ్గించి తిరిగి సమర్పించవలెను’ అని తీర్పు వచ్చింది.

తర్వాత అధ్యక్షులవారు నన్ను పిలిపించారు.

“కూర్చోండి పెద్దాయనా. మీ కోడలు తెలివైన పిల్ల. అక్కడే వచ్చింది చిక్కు. ప్రజాస్వామ్యంలో ప్రశ్నించే హక్కు అందరికీ ఉంటుంది. ఆ పాఠం చెప్పేది మేమే. చెప్పినంతమాత్రాన ప్రశ్నించేస్తారా? ‘కుర్చీ దిగని పాలకులు’ అన్న పేరు తీసేసి ‘సుస్థిర పాలన సాధించిన మహనీయులు’ అని పెట్టమనండి. మంత్రి తాళం, పాలకుడి పిలుపులు ఉన్న ఆ రెండు అధ్యాయాలూ ఎత్తేయమనండి. మీరు ఇంటికి పెద్ద, మీ మాట కాదనదు.”

ఇంటికి పెద్ద అన్న మాట నాకు బాగానే ఉంది. దారి పొడవునా దాన్నే తలుచుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చి, దేవుడికి దండం పెట్టుకుని, అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాను. హుకుం చెయ్యడం నాకు గిట్టదు. అందుకని ఓటుకు పెట్టాను. పుస్తకం మార్చాలనేవాళ్ళు చెయ్యెత్తండి అని నేనే ముందు ఎత్తాను. మా ఆవిడ నా చెయ్యి చూసి ఎత్తింది. అబ్బాయి వాళ్ళమ్మ చెయ్యి చూసి ఎత్తాడు.

“మరి నేను?” అంది కోడలు.

“విషయం నీదే కదమ్మా. నువ్వు కూడా ఓటేస్తే న్యాయంగా ఉండదు.”

“వద్దనేవాళ్ళెవరని అడగరా మామయ్యా?”

“మెజారిటీ వచ్చేసింది కదా, ఇంకెందుకూ?”

“ఊరుకోవే పిల్లా,” అంది మా ఆవిడ. “అంత ప్రేమగా ఓటు పెట్టారు మీ మామయ్య. మా అత్తగారి హయాంలో ఓటూ లేదు, పాడూ లేదు.”

కోడలు కాసేపు మా ముగ్గురి చేతులవంకా చూసింది. తర్వాత కలం తీసింది.

“చేతులు అలాగే ఉంచండి మామయ్యా.”

“ఎందుకమ్మా?”

“రాసుకుంటున్నాను. మూడో ఖండం దొరికింది.”

ఆమె పుస్తకంలోంచి ఒక్క ముక్క తీసెయ్యలేదు. మా ఇంటి గురించి ఒక అధ్యాయం చేర్చి తిరిగి సమర్పించింది. పట్టా మీద ఆశ వదులుకోవలసిందేనని నేను బెంగపడ్డాను. కానీ ఆ అధ్యాయం చదవగానే శాఖ యావత్తూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆసియాగారూ దక్షిణ అమెరికాగారూ మొదటిసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని, “మన గురించి కాదండీ, మొదటినుంచీ అంతా ఆ మామగారి గురించే! పాపం, ఆ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తోందో!” అని ఒకరినొకరు ఓదార్చుకున్నారు. దూరపు పరీక్షకుడు ఫోనులోనే అభినందించాడు. పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. అధ్యక్షులవారు బజారులో ఎదురై నా భుజం తట్టి, “రోజులు మారాయి పెద్దాయనా, ఇంట్లో కూడా కాస్త ప్రజాస్వామ్యం ఉండాలి” అని హితవు చెప్పి వెళ్ళారు.

నిన్న ఆ పుస్తకం అచ్చయి ఇంటికొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఆ అధ్యాయం శ్రద్ధగా చదివాను. దైవసాక్షిగా చెబుతున్నాను, అందులో ఉన్నది నేను కాదు. అచ్చం మా పక్కింటాయన. వెంటనే పట్టుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయన కూడా చదివి, తను కూడా కాదని తేల్చేశాడు. మరి అలాంటి మనిషి ఎవరై ఉంటారా అని ఇద్దరం అరుగుమీద కూర్చుని ఆలోచిస్తూంటే, ఇంతలో మీరు చదవడానికి వచ్చారు.