నూరు శాతం సిపాయి

సోమవారం పదకొండు గంటలకు తూనికలు కొలతల కార్యాలయంలో పనంతా ఆపించి, అందర్నీ హాల్లోకి పిలిచి, మంత్రిగారి ప్రకటన చదివి వినిపించారు. ఈ ఏడాదిని ప్రభుత్వం ‘వీర వందన వత్సరం’గా ప్రకటించిందనీ, దేశం కోసం అవయవాలు అర్పించిన మాజీ సైనికులు ఏ ఆఫీసులో పనిచేస్తుంటే ఆ ఆఫీసు జన్మ ధన్యమనీ, అలాంటివారిని సిబ్బంది నెత్తిన పెట్టుకోవాలనీ అందులో ఉంది. చదివినవారు డైరెక్టరుగారు. చదువుతూ రెండుచోట్ల గొంతు గద్గదం చేసుకున్నారు. కాగితంలో ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో గీత గీసి ఉందని హెడ్ గుమాస్తా తరవాత చెప్పాడు.

ఆ ఆఫీసులో నలభై ఒక్కమంది ఉన్నారు. వాళ్లలో నెత్తిన పెట్టుకోదగినవాడు ఒక్కడే. అతన్ని అందరూ సిపాయి అంటారు. సరిహద్దులో మందుపాతర మీద అడుగేసి ఎడమకాలు మోకాలి కిందనుంచి పోగొట్టుకున్నాడు. పదకొండేళ్లుగా పెట్టుడు కాలుతో ఆఫీసుకొస్తున్నాడు. దుకాణాలవాళ్లు తెచ్చిన తూనికరాళ్లను కాటాలో పెట్టి, సరిగా ఉంటే ముద్ర కొట్టడం అతని పని. రాయి చేత్తో పట్టుకుని ఎన్ని గ్రాములు తగ్గిందో చెప్పేసేవాడు. ఆ తరవాత కాటా కూడా అదే మాట చెప్పేది.

మంగళవారానికల్లా సిపాయికి ఎర్ర మఖమలు కుర్చీ వచ్చింది. దానికి ‘వీరాసనం’ అని పేరు పెట్టి, గుమ్మంలోకి రాగానే కనబడేలా ఒక చెక్క దిమ్మ మీద వేశారు. దిమ్మ జానెడు ఎత్తు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సిపాయికి మోకాలు కలుక్కుమనేది. గౌరవం వల్ల వచ్చిన నొప్పి కాబట్టి ఎవరితోనూ అనలేదు. కాటా మాత్రం పాత చోటే, హాలు ఆ చివర ఉండిపోయింది.

అసలు సంగతేమిటంటే, అతని పెట్టుడు కాలు వదులైపోయింది. నడిచినప్పుడల్లా లోపల రాసుకుని పుండు పడింది. సైనికుల ఆస్పత్రి డాక్టరు చూసి, పుండుకి కట్టు కట్టించుకోవాలి, కొత్త కాలికి కొలతలివ్వాలి, రమ్మన్నాడు. ఆ ఆస్పత్రిలో కాళ్లు చేసే వర్క్‌షాపు బుధవారమే తెరుస్తారు. మూడు బుధవారాలు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్లీ వంతు రావడానికి పధ్నాలుగు నెలలు.

"ఈలోగా పుండు పైకి పాకితే ఆ మోకాలు కూడా మీది కాదు," అన్నాడు డాక్టరు.

సిపాయి సెలవు చీటీ రాసుకుని హెడ్ గుమాస్తా దగ్గరికి వెళ్లాడు.

"రేపు సెలవు కావాలండీ. ఆస్పత్రికి వెళ్లాలి."

"ఎవరికి బాలేదు?"

"నాకే."

"నీకా!" హెడ్ గుమాస్తా నిజంగానే నొచ్చుకున్నాడు. "అదేమిటయ్యా, మామగారికనో, బావమరిదికనో అడిగితే ఒక పద్ధతి." ఆయన పద్ధతి తెలిసినవాడే. ఆ ఏడాది ఆయన మామగారికి అయిదుసార్లు కంటి ఆపరేషనయింది. పాపం, ఆ మామగారికి ఉన్నవి రెండే కళ్లు.

ఆయన ఫారం తిరగేశాడు. "గాయం డ్యూటీలో తగిలిందా అని ఇక్కడుంది. ఏం రాయను?"

"అవునని రాయండి."

"ఈ ఆఫీసు డ్యూటీలోనా?"

"కాదండీ, సరిహద్దులో."

"మరి సెలవు కూడా సరిహద్దునే అడగాలి. కాలు మేం తియ్యలేదుగా!"

అంత దూరం వెళ్లలేక సిపాయి డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు. డైరెక్టరుగారు అతన్ని చూడగానే లేచి ఎదురొచ్చారు.

"రండి, రండి! కూచో... అయ్యో, ఇక్కడన్నీ మామూలు కుర్చీలే. మీలాంటివారిని వీటిలో ఎలా కూచోబెట్టను? నా మనసొప్పుకోదు."

సిపాయి నిలబడే తన గోడు చెప్పుకున్నాడు. డైరెక్టరుగారు కళ్లు తుడుచుకుని, సొరుగులోంచి ఒక పెద్ద కాగితం తీశారు.

"రోజూ నాలుగు గంటలకి మంత్రిగారికి ఒక లెక్క పంపాలండీ. మాజీ సైనికుల హాజరు శాతం. మన ఆఫీసులో మాజీ సైనికులెందరు?"

"నేనొక్కణ్ణే సార్."

"మీరొస్తే ఎంత శాతం?"

"నూరు."

"మీరు రాకపోతే?"

సిపాయి చేతిలో సెలవు చీటీ మడిచాడు. లెక్క అతనికీ వచ్చు.

"సున్నా!" అన్నారు డైరెక్టరుగారు, ఆ మాట అనడానికే బాధపడుతూ. "నిన్న టైపిస్టులు ముగ్గురూ రాలేదు. ఒకావిడకి పన్ను నొప్పి, మిగతా ఇద్దరూ ఆవిడకి తోడు. అయినా ఆఫీసు హాజరు తొంభై రెండు. వాళ్లు మామూలు మనుషులు, ఎంతమందైనా మానేయొచ్చు. మీరు మానేస్తే దేశంలోని వీరులందరూ మానేసినట్టే."

"పోనీ ఒక్కపూట..."

"యాభై! సగం సైన్యం పారిపోయిందనుకుంటారు పైవాళ్లు."

"అయితే ఇంకో మాజీ సైనికుణ్ణి ఉద్యోగంలోకి తీసుకోండి సార్. అప్పుడు నేను వెళ్లినా సగం మిగులుతుంది."

"ఉన్న ఒక్కరికి గౌరవం చెయ్యలేకే చస్తున్నామండీ," అన్నారు డైరెక్టరుగారు.

సిపాయికి లెక్కలో తప్పు దొరకలేదు. సైన్యంలో అలవాటైన ప్రాణం, పైఅధికారి మాటకి తలూపి వచ్చేశాడు. మొదటి బుధవారం అలా గడిచిపోయింది.

ఇంటిదగ్గర భార్య కుట్టుమిషను ఆపి కట్టు విప్పింది. దూది పుండుకి అంటుకుపోయి ఊడి రాలేదు. గోరువెచ్చని నీళ్లతో తడుపుతూ ఆవిడ అందుకుంది.

"ఏమండీ, మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నామన్నారుగా, ఒక్కరోజు ఆ నెత్తి మీంచి దింపమని అడగలేకపోయారా?"

"అడిగానే. శాతం పడిపోతుందిట."

"శాతం పడితే లేపుకుంటారు. మీరు పడితే ఎవరు లేపుతారు? నేనే కదా!" అతను ‘అబ్బా’ అన్నది నీళ్లకా, మాటకా అనేది ఆవిడ అడగలేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే డైరెక్టరుకి నా మొగుడి కాలెక్కడ కనిపిస్తుంది అని మాత్రం గొణుక్కుంది.

రెండో బుధవారానికి హెడ్ గుమాస్తా ఉపాయం కనిపెట్టాడు. ఆయన బుర్రే బుర్ర.

"రిపేరు దేనికి?" అన్నాడు.

"కాలికి."

"ఆ కాలు ఊడొస్తుందా?"

"వస్తుంది."

"మరింకేం! కాలు ఆస్పత్రికి వెళ్తుంది, నువ్వు ఆఫీసులో ఉంటావు. రెండు పనులూ అవుతాయి."

సిపాయి మొత్తుకున్నాడు, పుండు తన ఒంటికి గానీ ఆ కాలికి లేదన్నాడు. ‘ముందు దీని సంగతి చూద్దాం’ అని హెడ్ గుమాస్తా కాలుని గోనెసంచీలో పెట్టి, బంట్రోతుకిచ్చి పంపాడు. బయటికి వెళ్లేవాళ్ల పుస్తకంలో ‘ఎడమకాలు ఒకటి, అధికార పనిమీద ఆస్పత్రికి, 10.15’ అని రాసి, వెళ్లినవారి సంతకం అన్నచోట కాసేపు ఆలోచించి, కాలి తరఫున తనే సంతకం చేశాడు.

ఆ రోజంతా సిపాయి వీరాసనం దిగలేకపోయాడు. దిగితే మళ్లీ ఎక్కలేడు. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు ముట్టలేదు. దుకాణాలవాళ్లు హాలు ఆ చివర కాటా దగ్గరే రాళ్లు పెట్టుకుని నిలబడి, కుర్చీలోంచే చూసి చెప్పమన్నారు. డైరెక్టరుగారు ఇటు వెళ్తూ అటు వెళ్తూ, "చూశారా, వీరుడు కుర్చీ వదల్లేదు!" అని అందరికీ చూపించారు.

నాలుగింటికి బంట్రోతు తిరిగొచ్చాడు. సంచీలో కాలుతోపాటు వర్క్‌షాపు మేస్త్రి రాసిన చీటీ ఉంది: ‘కాలు ఆరోగ్యంగా ఉంది. మనిషిని పంపండి. ఇది రెండోసారి రాకపోవడం.’

డైరెక్టరుగారు మొదటి వాక్యం కింద ఎర్రగీత గీసి, నకలు మంత్రిగారికి పంపారు.

ఆ వారం సిపాయికి జ్వరం పట్టుకుంది. పుండు చుట్టూ ఎర్రగా వాచింది. సరిగ్గా అప్పుడే పైనుంచి కబురొచ్చింది: వరసగా నూరు శాతం సాధించిన ఆఫీసు రాష్ట్రంలో ఇదొక్కటే గనక, వచ్చే బుధవారం మంత్రిగారు స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారు. గోడలకి సున్నాలు, గుమ్మానికి రంగు. తూకం తక్కువైన రాళ్లన్నీ బల్ల కిందికి తోసేశారు.

మంగళవారం సాయంత్రం సిపాయి డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు. ఈసారి చీటీ తీసుకెళ్లలేదు.

"రేపు నేను రాను సార్. రేపు వెళ్లకపోతే పేరు కొట్టేస్తారు. మోకాలు పోతుంది."

"రేపా! మంత్రిగారొస్తున్నారయ్యా! దేశం కోసమైనా..."

"దేశం కోసం ఒకసారి వెళ్లాను సార్. రేపు కాలు కోసం వెళ్తాను."

ఉద్యోగంలో చేరాక సెల్యూట్ కొట్టకుండా ఆ గదిలోంచి బయటికి రావడం అతనికి అదే మొదలు. కాళ్లు వణికాయి, పెట్టుడుదానితో సహా. బయటికొచ్చాక మాత్రం, ఇంత తేలికా అనిపించింది.

బుధవారం ఆస్పత్రిలో డాక్టరు పుండు కడిగి, చీవాట్లు పెట్టి, కట్టు కట్టాడు. ఇంకో వారం ఆగి ఉంటే కోయాల్సి వచ్చేదన్నాడు. మేస్త్రి తడి ప్లాస్టరు గుడ్డ చుట్టి అచ్చు తీశాడు, పాతకాలు లాగేసుకున్నాడు.

"కొత్తది వచ్చే బుధవారానికి తయారు. ఒంటిమీద పెట్టి సరిచూడాలి, మీరే రావాలి. ఈసారి సంచీ వస్తే సంచీనే తిప్పి పంపుతా," అన్నాడు. అప్పటిదాకా వాడుకోమని రెండు చంక కర్రలిచ్చాడు. భార్య లాగు కాలు పైకి మడిచి పిన్నీసు పెట్టింది. దారిపొడుగునా ఇద్దరూ ఊరికే నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. అంత సంతోషంగా ఉండి చాలా రోజులైంది.

గురువారం ఆఫీసు గుమ్మంలోనే టైపిస్టులు ముగ్గురూ అతనికి అభినందనలు చెప్పారు. వీరాసనం కనబడలేదు, నేల మీద దిమ్మ మచ్చ మిగిలింది. ఏం జరిగిందో అర్థంకాక చూస్తుంటే, బంట్రోతు అతన్ని మంచినీళ్ల డ్రమ్ము పక్కకి లాగాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, నన్ను తిట్టకు. నిన్న నీ కుర్చీలో నన్ను కూచోబెట్టారు. కొక్కేనికున్న నీ కోటు వేశారు. ఎడమకాలు మడిచి కింద పెట్టుకో, పైన గుడ్డ కప్పుతాం, కదలకుండా కూచో చాలన్నారు. గంటన్నర అలాగే కూచున్నానన్నా, కాలు తిమ్మిరెక్కిపోయింది."

"తరవాత?"

"తరవాతేముంది, మంత్రిగారొచ్చారు."

"వస్తే?"

"లేచి నిలబడ్డాను!" బంట్రోతు నెత్తి కొట్టుకున్నాడు. "ఇరవై ఆరేళ్ల సర్వీసన్నా! మంత్రిగారు గుమ్మంలో అడుగుపెడితే బంట్రోతన్నవాడు కూచుని ఉండగలడా? గుడ్డ జారిపోయింది. రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడ్డాను."

"మంత్రిగారేమన్నారు?"

"ఒక నిమిషం నా కాళ్లకేసి చూశారు. తరవాత చప్పట్లు కొట్టారు."

అంతకంటే బంట్రోతు చెప్పలేకపోయాడు. మిగతాది పేపర్లో ఉంది. మొదటి పేజీలో ఫోటో, ‘కార్యాలయ గౌరవంతో లేచి నిలిచిన వీరుడు’ అని శీర్షిక, ‘మందులు చెయ్యలేనిది మర్యాద చేసింది’ అని మంత్రిగారి మాట.

డైరెక్టరుగారు పిలిచారు. సిపాయి కర్రలు టకటకమనిపించుకుంటూ లోపలికెళ్లాడు. గదిలో మామూలు కుర్చీలే ఉన్నాయి గనక నిలబడ్డాడు. బల్ల మీద షీల్డు ధగధగలాడుతోంది.

"నిన్న మీరు రాకపోయినా హాజరు నూరే పడింది. మనసులో ఏమీ పెట్టుకోలేదు," అన్నారు డైరెక్టరుగారు ఉదారంగా. "ఈ ఉత్తర్వు ఒకటి చదువుకుని సంతకం చెయ్యండి."

వీర వందన పథకం ఫలితంగా లబ్ధిదారు సంపూర్ణ స్వస్థత పొందినట్టు మంత్రిగారు స్వయంగా చూసి నిర్ధారించారు గనక, అతని పేరు వికలాంగుల జాబితాలోంచి తీసేసినట్టూ, వీరాసనాన్ని మరింత అవసరమున్న మరో కార్యాలయానికి తరలించినట్టూ అందులో ఉంది. కింద ‘నకలు: సైనికుల ఆస్పత్రి, వర్క్‌షాపు’ అని ఉంది.

సిపాయి రెండుసార్లు చదివాడు. కాగితం బల్ల మీద పెట్టి, కర్రలు సర్దుకుని, పిన్నీసు పెట్టిన లాగు కాలు కనబడేలా ఒక అడుగు ముందుకొచ్చాడు.

"సార్, వచ్చే బుధవారం నాకు సెలవు కావాలి. ఆస్పత్రిలో కాలు పెడతారు."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, అతన్ని కిందనుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా ఎంతో ఆప్యాయంగా చూశారు.

"ఏ కాలు?" అన్నారు.