నా సొంత నీళ్ళు

బోరుబావిని మించిన వరం ఈ భూమ్మీద ఇంకోటి లేదు! కాదనేవాళ్ళు నా మొక్కజొన్న చేను గట్టు మీదికొచ్చి వాదించండి. గొడుగు మాత్రం మీరే తెచ్చుకోండి.

ఒకప్పుడు కాలువ నీళ్ళని ఉండేవి. అదేం బతుకండీ? ఏడాదికోసారి అందరూ పారలు పట్టుకుని పూడిక తియ్యాలి. నీళ్ళొచ్చాక వంతు కోసం కాచుక్కూర్చోవాలి. మా అన్నయ్య వంతయ్యాకే నా వంతు. "ఇంకో రెండు సాళ్ళున్నాయి, ఆగరా" అనేవాడు. ఆ రెండు సాళ్ళు తడిసేసరికి నా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. వదిన నాక్కూడా కలిపి అన్నం పంపేది, తినక తప్పేది కాదు. ఎంత పరాధీనం!

అందుకే బోరు వేయించాను. రెండొందల అడుగుల్లో గంగ పొంగింది. సొంత నీళ్ళు! ఆ మాట అనుకుంటేనే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వారం తిరక్కుండా అన్నయ్యా వేయించాడు. ఆయనవీ సొంత నీళ్ళే! రెండు బోర్లకీ మధ్య నలభై అడుగుల దూరం, ఒక గట్టు.

ఇక చూస్కోండి అభివృద్ధి! ఆయన మూడొందలకు దిగితే నేను నాలుగొందలకు దిగాను. ఆయన ఐదొందలంటే నేను ఏడొందలన్నాను. అన్నదమ్ములు కలిసి పైకి రావడం మీరు చూసుంటారు. మేం కలిసి కిందికి దిగాం.

పైగా జ్ఞానం! ఎర్రమట్టి కింద సుద్ద, దాని కింద నల్లరాయి, ఆ కింద తెల్లటి పొడి. ఏ కాలేజీ చెబుతుంది ఇదంతా? శాంతి సంగతి సరేసరి. మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఒక్క గొడవ లేదు. మాటలుంటే కదా!

ఈ ఏడు కంకుల్లో గింజ పాలు పట్టే వేళకి నా పైపు దగ్గడం మొదలెట్టింది. ఈ పది రోజులు తడి లేకపోతే పంట మొత్తం పశువుల పాలే. మెకానిక్ వచ్చి పైపులన్నీ పైకి లాగాడు, మోటారు విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"మోటారు బంగారంలా ఉంది సార్. ఆ పక్క మోటారు ఓ గంట ఆపించి చూడండి."

"అది మా అన్నయ్యదయ్యా! ఆయన నీళ్ళకీ నా నీళ్ళకీ ఏం సంబంధం?"

"గట్టు పైనే ఉంది సార్, కింద లేదు."

ఆ మాట నాకు అర్థమయ్యేలోపే మా ఆవిడ గట్టు దాటి వదిన దగ్గరికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ అసలు మాటలు మానలేదని నాకు అప్పుడే తెలిసింది! అటు మోటారు ఆగింది. ఇటు నా పైపులో చెయ్యి లావు ధార దూకింది.

గంట దాటాక అన్నయ్య గట్టెక్కాడు. ఆయన మొక్కజొన్నా ఆకులు చుట్టుకుపోతోంది మరి.

"ఇంకెంతసేపురా?" మూడేళ్ళ తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట.

"ఇంకో రెండు సాళ్ళున్నాయి, ఆగన్నయ్యా."

ఏడొందల అడుగులు తవ్వి నేను కనిపెట్టింది ఏమిటో అర్థమైందా? వంతు! ఇప్పుడు రోజు విడిచి రోజు, ఒకరి తరవాత ఒకరు. నిన్నటికి ధార బొటనవేలంత అయింది. మెకానిక్‌ని కదిపితే ఎనిమిదొందల అడుగులకి దిగాలంటున్నాడు.

అన్నయ్య కొట్టంలోంచి రెండు పారలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. పిడికి చెద పట్టింది. కాలువ జాడ వెతుక్కుంటూ ఇద్దరం గట్టు వెంబడి నడిచాం. అది తిన్నగా వచ్చి నా బోరు దగ్గర మాయమైపోయింది.

ఏం చెయ్యనండీ? బోరు లారీ నిలపడానికి చదునైన చోటు కావాలన్నారు. ఆ కాలువని పూడ్చి చదును చేసింది నేనే!