లొరెట్టా ఇంటి మలుపు

శుక్రవారం సాయంత్రం లొరెట్టాను ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే చేపల విందుకు తీసుకెళ్ళాలి, దారిలో అడగవలసిన మాట అడిగేయాలి. బుధవారం పొద్దున కాఫీ తాగుతూ ఎమిల్ సబోల్ వేసుకున్న పథకం ఇంతే. ఎమిల్ ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. లొరెట్టా కొండ మీద ఒంటరిగా ఉంటుంది. ఆవిడ ఇంటికి బేరం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా కొనేవాళ్ళకు ఏదో ఒక మాట చెప్పాలి. సరేనంటే ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఈలోగా ఒకరు ఉండమంటే ఉండిపోతుందని ఊరంతా అనుకుంటోంది. ఆ ఒకరు ఎవరో ఎమిల్‌కు కూడా తెలుసు. నోరు పెగలడమే కష్టంగా ఉంది.

నోటికి తోడు కారు కూడా మొరాయించింది. లొరెట్టా పంపిన సూపు గిన్నె తిరిగిచ్చే నెపంతో ఆ పొద్దునే బయలుదేరాడు. ఆవిడ ఇంటి కింద మలుపు దగ్గర ఎక్సిలరేటరు తొక్కితే ఇంజను గొంతు చించుకుంది గానీ చక్రాలు దాని మాట వినలేదు. కారు నెమ్మదిగా వెనక్కి జారింది. పైన వంటింటి కిటికీలో లొరెట్టా కనిపించింది. చెయ్యి ఊపుదామనుకునేలోపే కారు ఆయన్ని కొండ కిందికి దించేసింది.

పక్కింటి గస్ వచ్చి, గేర్‌బాక్సులో ఆయిలు తగ్గిందని తేల్చాడు. ఏ ఆయిలు పోయాలంటే, ఎర్రగా ఉంటే చాలు, అన్నీ ఒకటేనన్నాడు. ఎమిల్ తన ఇంటి ముందు వాలులోనే, ఇంజను వేడెక్కకుండానే ఆయిలు మట్టం చూసే పుల్ల తీసి చూశాడు. తక్కువే కనిపించింది. పోశాడు. మళ్ళీ చూస్తే మళ్ళీ తక్కువే. మళ్ళీ పోశాడు. గురువారానికి ఆయిలు ఎక్కువై లోపల నురుగు కట్టింది. ఈసారి కారు మలుపు దాకా వెళ్ళడమే గగనమైంది. అరిచి, ఆగి, జారింది.

ఇల్లు చేరేసరికి ఫోను మోగుతోంది.

"నిన్నా ఇవాళా మలుపు దాకా వచ్చి తిరిగిపోయావు. ఏంటి సంగతి?" అంది లొరెట్టా.

తన చెయ్యి పడితే ఏ బండైనా దారికొస్తుందని ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర గొప్పలు పోయిన మనిషి నిజం ఎలా చెబుతాడు? "ఏం లేదు, పనేదో గుర్తొచ్చింది," అన్నాడు.

"రేపు వస్తావా మరి?"

ఎమిల్ కిటికీలోంచి కారు వంక చూశాడు. "చూద్దాం," అన్నాడు.

ఆయన కారు గురించే అన్నాడు. ఆవిడ తన గురించి అనుకుంది. ఆ రాత్రి రెండిళ్ళలోనూ ఎవరూ సరిగా నిద్రపోలేదు.

శుక్రవారం స్పేర్ పార్టుల కొట్టులో అడిగితే వాళ్ళు తల పట్టుకున్నారు. ఏ గేర్‌బాక్సుకు ఏ ఆయిలో కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుందట. తప్పుది పోస్తే లోపలి క్లచ్ ప్లేట్లకు పట్టు దొరకదట. ఆయిలు మట్టం చూడాలంటే ఇంజను నడుస్తూ ఉండాలి, వేడిగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి. ఆ ఊళ్ళో చదునైన నేల చర్చి ముందు కార్లు నిలిపే చోటు ఒక్కటే. ఎమిల్ అక్కడికే వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి పాత ఆయిలు దించాడు. అది నల్లగా ఉంది, మాడు వాసన వేసింది. కీడు శంకించడం ఇష్టంలేక ఆ వాసన తనకు రానట్టే ఉండి, పుస్తకంలో రాసిన ఆయిలు సరిగ్గా గీత దాకా పోశాడు.

చర్చి వంటింట్లోంచి బయటికొచ్చిన గస్ భార్య ఐరీన్‌కు కారు పక్కన మోకరిల్లిన ఎమిల్ కనిపించాడు గానీ కింద పెట్టిన బేసిన్ కనిపించలేదు. వెంటనే లొరెట్టాకు ఫోను చేసింది.

"ఈస్టరు ముందు తపస్సు కాలం కదా, ప్రాణమైనదేదో మానుకుంటానని మొక్కుకున్నట్టున్నాడు. పాపం, మోకాళ్ళ మీద ఉన్నాడు."

పోయినేడు ఎమిల్ బీరు మానుకున్నాడు. ఈ యేడు ఏం మానుకున్నాడో లొరెట్టాకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. మలుపు దాకా రావడం, తిరిగిపోవడం, చూద్దాం అనడం, అన్నీ కలిశాయి. పండుగ కోటు తొడుక్కుని కూడా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడింది. వస్తే బాగుండునని ఆవిడకు ఎంత ఉందో ఆ కిటికీకే తెలియాలి.

ఎమిల్ టై కట్టుకుని బయలుదేరాడు. మలుపు దగ్గర కారు మళ్ళీ అదే పాట పాడింది. ఆయిలు సరైనదే, మట్టం సరైనదే, కానీ అరిగిపోయిన ప్లేట్లకు ఏ ఆయిలూ ప్రాణం పోయదు. ఇక ఇంటికి పోదామని ఏడుపు మొహంతో బండి తిప్పడానికి రివర్సు వేశాడు. కారు కోడెదూడలా వెనక్కి దూకింది. రివర్సుకు వేరే ప్లేట్లుంటాయి, వాటిని వాడేదెప్పుడు గనక? ఎమిల్ అక్కడికక్కడే కారు తిప్పి, తోక కొండవైపు పెట్టి, మెడ విరిగేలా వెనక్కి చూస్తూ ఎక్కడం మొదలుపెట్టాడు.

మసక చీకట్లో లొరెట్టాకు మలుపు దగ్గర కారు వెనక ఎర్ర దీపాలు రెండు కనిపించాయి; రివర్సు దీపం ఎప్పుడో మాడిపోయింది. ఎర్ర దీపాలు కనిపిస్తే మనిషి వెళ్ళిపోతున్నాడనే ఎవరైనా అనుకుంటారు. ఆవిడ ఇంకోసారి చూడలేదు. కళ్ళు తుడుచుకుని ఫోనందుకుంది.

ఫోను పెట్టేసేసరికి కారు వెనుక భాగం గుమ్మం ముందు మెట్టుకు మెత్తగా తగిలింది. ఎమిల్ మెడ పట్టుకుని దిగాడు.

"ఇల్లు అమ్మేశాను, ఇప్పుడే," అంది లొరెట్టా. "నన్ను మానుకున్నావనుకున్నాను."

"ఈ మూడు రోజులూ నీ దగ్గరికి రావడం తప్ప నేనింకో పనేం చేయలేదు," అన్నాడు ఎమిల్. మెడ వదిలి టై సరిచేసుకున్నాడు. "ఇల్లు అమ్మితే అమ్మావులే. నాకు కొండ కింద ఇల్లుంది కదా. అక్కడ ఉండు, లొరెట్టా."

లొరెట్టా తలుపు తాళం వేసి వచ్చి కారులో కూర్చుంది.

కొండ దిగేటప్పుడు గేరు జారిందో లేదో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.